గోడమీది పటములు

ప్రసిద్ధులైనవారిని మెచ్చుకొనుటచేత జాతిద్వేషము దానంతట అదే నశించునని లోకములో ఒక నమ్మకము బలముగా నాటుకొని యున్నది. నల్లజాతి గాయకుని పాటకు తెల్లవారి బిడ్డలు నాట్యము చేయుచున్నారు. నల్లజాతి ఆటగాని పేరును చొక్కామీద వేసికొని తిరుగుచున్నారు. ఇంక ద్వేషమెక్కడిదని విద్యావంతులు సైత మనుచుందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. ఇది ఎంతవరకు నిజమో పరీక్షించుటకు పెద్ద గ్రంథములను వెదకనక్కరలేదు. అమెరికా దేశీయుడగు స్పైక్ లీ తానే రచించి, నిర్మించి, దర్శకత్వము వహించి, తానే ఒక ముఖ్యపాత్రను ధరించి 1989లో విడుదల చేసిన 'డు ది రైట్ థింగ్' అను చలనచిత్రము ఈ ప్రశ్ననే పట్టుకొని, ఒక వీధిలో, ఒక దినములో దానిని నడిపించి చూపినది. 'న్యాయమైన పని చేయుము' అని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. ఆ చిత్రము వచ్చి మూడు దశాబ్దములు దాటినది. దానిని గూర్చి ఆంగ్లమున వ్రాసినవారు చాలమంది కలరు. వారిలో పెక్కురు చిత్రము చివర జరిగిన గృహదహనమును గూర్చియే వాదించుకొనిరి. మేము మాత్ర మందులోని ఒక గోడను గూర్చి మాటలాడ దలచితిమి.

కథాస్థలము న్యూయార్కు నగరములో బ్రూక్లిన్ భాగమందలి బెడ్‌ఫర్డ్–స్టైవెసెంట్ అను పేట. అచ్చట నివసించువారిలో నల్లజాతివారే హెచ్చు. ప్యూర్టోరికో నుండి వచ్చినవారును కలరు. వేసవిలోకెల్ల మిక్కిలి వేడిగానున్న ఒక దినమున ఉదయము మొదలుకొని మరునాటి ఉదయమువరకు జరిగిన కథ యిది. ఎర్నెస్ట్ డికర్సన్ ఛాయాగ్రహణములో ఎఱుపు, నారింజరంగులు తెరనిండ మండుచుండ, చూచువారికి కూడ చెమటపట్టును. వీధి మూలను ఇటలీ సంతతివాడగు సాల్ అను నాతడు పిజ్జా అంగడి పెట్టి ఇరువదియైదేండ్లైనది. పీనో, వీటో అను కొడుకు లిద్దరును తండ్రికి సాయము చేయుదురు. మూకీ అను నల్లజాతి యువకుడు పిజ్జాలను ఇండ్లకు చేరవేయు కొలువులో ఉన్నాడు. వారమునకు 250 డాలర్లు జీతము. ఈ పాత్రయే దర్శకుడు ధరించినది. సాల్ కుటుంబ మా పేటలో కాపురముండదు. ప్రతిదినమును బెన్సన్‌హర్స్ట్ అను ఇటాలియన్ల పేటనుండి కారులో వచ్చి, రాత్రికి మరలిపోవుదురు. అంగడికి పెట్టుకొన్న పేరులోనే 'ప్రసిద్ధము' అను మాట కలదు: 'సాల్స్ ఫేమస్ పిజ్జేరియా'.

ఆ అంగడి గోడమీద వరుసగా పటములు వ్రేలాడుచుండును. దానికి 'కీర్తికుడ్యము' అని అర్థమిచ్చు పేరు కూడ పెట్టుకొనిరి. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా, బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో, నటులు రాబర్ట్ డి నీరో, అల్ పచీనో మున్నగువారి ఫొటోలవి. అందరును ఇటలీ సంతతివారే. క్రింద కూర్చుండి తినువారు నల్లవారు. పైనుండి చూచువారు ఇటాలియన్లు. ఇన్ని యేండ్లలో ఈ సంగతి ఎవరికిని తట్టలేదు కాబోలు. తట్టినను ఎవరును పైకి అనలేదు కాబోలు. ఆ దినమున బగిన్ ఔట్ అను దుడుకు కుఱ్ఱవాడు పిజ్జాముక్క తినుచు తల యెత్తి చూచి, మనవారి పటమొక్కటియు లేదేమని మూకీ నడుగును. సాల్ సమాధానము సూటిగా నుండును: ఇది నా అంగడి, నీవును ఒక అంగడి పెట్టుకొని నీ యిష్టము వచ్చినవారి పటములు కట్టుకొనుము. దానికి కుఱ్ఱవాడు చెప్పిన ప్రత్యుత్తరమును అంత సూటిదే: ఇచ్చట ఇటాలియన్లు తినుట నాకు కానరాదు, మా డబ్బుతో నడచు అంగడిలో మా మాటకును విలువ యుండవలెను. సాల్ బేస్‌బాల్ బ్యాటును పైకి తీయును. మూకీ ఆ కుఱ్ఱవానిని బయటికి నెట్టుకొని పోవును.

సన్నివేశము మిక్కిలి చిన్నది. ఇరువురి వాదములును నిలుచునవే యగుట దీని బలము. ఆస్తి ఎవరిదో గోడ వారిదే యన్నచో కాదనుట కష్టము. ఆ ఆస్తి ఎవరి ఆకలివలన కూడినదో వారికి అందులో ఏ పాలును లేదనుటయు కష్టమే. చలనచిత్రములు సామాన్యముగా ఇట్టి తావున ఒకరిని దుర్మార్గుని జేసి చేతులు దులిపికొనును.

సాల్‌ను దుర్మార్గుడని కొట్టివేయుట సులభము. దర్శకు డా త్రోవ త్రొక్కలేదు. డానీ అయెల్లో నటించిన తీరు చూచినవారికి, ఇతడు తన పొయ్యిని, తన రొట్టెను ప్రేమించు పనివాడని తెలియును. ఈ పేట పిల్లలు నా వంట తిని పెరిగినవారని కొడుకుతో చెప్పుకొను ఘట్టములో వ్యాపారి గర్వముకంటె గృహస్థు గర్వమే హెచ్చుగా వినిపించును. ఆ పటములకును ఒక చరిత్ర కలదు. ఇటాలియన్లు అమెరికాలో దిగిననాడు వారిని తమతో సమానులైన తెల్లవారిగా ఎంచినవారు తక్కువ. 1891లో న్యూ ఆర్లియన్స్ నగరములో ఒక గుంపు కారాగారముపై బడి పదునొకండుగురు ఇటాలియన్లను చంపినది. 1924 నాటి వలసచట్టము దక్షిణైరోపావారి రాకకు గట్టి అడ్డుకట్ట వేసినది. అట్టి జాతిలో దేశమంతయు మెచ్చిన ఒక డిమాజియో, దేశమంతయు విన్న ఒక సినాట్రా పుట్టుట సామాన్యవిషయము కాదు. తన తాతతండ్రులు పడిన అవమానమునకు సాల్ చెప్పుకొన్న సమాధానమే ఆ గోడ. అదియే ఇప్పుడు మరియొక జాతికి అవమానమై కూర్చున్నదని అతనికి తోచదు. తోపింపజూచినవానిమీదికి బ్యాటు లేచినది.

ఈ సంగతి మనవంటివారికి కొంత దగ్గరిది. భాష వేరైన నగరములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములు సమాజమందిరములు కట్టుకొని, అందు పోతనను, గురజాడను, పొట్టి శ్రీరాములుగారిని పటములుగా నిలుపుకొనుట పరిపాటి. దానిని తప్పని మేమనుట లేదు. ఆ పటములైన లేనిచో మన మనుమలకు తాతల భాష ఆనవాలు దొరకదు. కాని మన పొరుగు కన్నడిగుడో, తమిళుడో, ఒడియావాడో, మరాఠీయో మన మందిరములోనికి, మన అంగడిలోనికి వచ్చి తల యెత్తి చూచినపుడు తనవారి ముఖమొక్కటియైన కనుపించునా యని, సాల్ గోడను చూచిన పిమ్మట, ఆలోచింపకుండ నుండలేము. పోలిక అంతటితో ఆగును. సాల్ తరఫున పోలీసులు కలరు. మనము ఉన్నచోటులలో మనము కొద్దిమందిమి.

చిత్రమున కంతకు ఆయువుపట్టని మాకు తోచినది వేరొక సంభాషణ. అంగడిలో సిగరెట్ల యంత్రముకడ మూకీ, పీనో నిలుచుండి మాటలాడుదురు. పీనో నల్లవారిని రోతగా చూచువాడు. తండ్రి ఈ అంగడి నమ్మివేసి సొంత పేటకు పోవలెనని వాని పోరు. మూకీ వానిని మూడు ప్రశ్నలడుగును. నీకు నచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగా డెవడు? మ్యాజిక్ జాన్సన్. నచ్చిన సినిమా నటుడు? ఎడ్డీ మర్ఫీ. నచ్చిన గాయకుడు? ఇచ్చట పీనో తప్పించుకొన జూచి ఒక తెల్లగాయకుని పేరు చెప్పును గాని, వానికి నచ్చినవాడు ప్రిన్స్ అని మూకీ ఎరుగును. ముగ్గురును నల్లవారే. నోరు తెరచిన నల్లవారిని తిట్టువాడవు, నీకు నచ్చినవారందరు నల్లవారేమని మూకీ నిలదీయగా, పీనో తడబడును. వారు వేరనును. వారు నిజముగా నల్లవారు కారనును. నల్లవారే గాని అంతకు మించినవారనును. ఆ మాటకు అర్థమేమో తనకే తెలియక చిక్కుపడును. జాన్ టర్టూరో నటన ఇచ్చట మెచ్చదగినది. అతడు అబద్ధమాడువానివలె నటింపలేదు. నమ్మినదే చెప్పుచు, చెప్పుకొలది అది తనకే వింతగా తోచుచున్నట్లు నటించినాడు.

ప్రేక్షకులు నవ్వుదురు, నవ్వదగినదే. కాని పీనో మనస్సులో ద్వేషమును ఆరాధనయు పోరాడుచున్నవనుకొన్నచో మనము పొరపడినట్లే. అవి ఒకే యింట వేరువేరు గదులలో హాయిగా కాపురము చేయుచున్నవి. కీర్తిమంతుడైన నల్లవానిని వాని జాతినుండి విడదీసి పైకెత్తుటచేత, తక్కిన జాతినంతను క్రిందనే ఉంచుట పీనోకు సులువైనది. పైగా, ఇంతమందిని మెచ్చుకొను నేను ద్వేషి నెట్లగుదునను ఊరటయు వానికి లభించినది. ఇట్టి నేర్పు పీనో ఒక్కనిదే కాదు. నల్లని మేనిఛాయగల నటుని తెరమీద చూచి ఈలలు వేసి వచ్చి, కుమారునికి సంబంధము వెదకునపుడు పిల్ల ఎఱ్ఱగా నుండవలెనని ప్రకటన వ్రాయించు గృహస్థులు మనలో లేరా? తెరమీది నలుపు వారి కంటికి నలుపు కాదు. ఇంటికి రాబోవు నలుపే నలుపు.

ఆ సంభాషణ ముగిసినంతనే దర్శకు డొక సాహసము చేసెను. పాత్ర లొక్కొక్కరే కెమెరాకు ఎదురుగా నిలుచుండి ఒక్కొక్క జాతిని తిట్టుదురు. మూకీ ఇటాలియన్లను, పీనో నల్లవారిని, ప్యూర్టోరికో కుఱ్ఱవాడు కొరియావారిని, తెల్ల పోలీసు ప్యూర్టోరికోవారిని, కొరియా దుకాణదారుడు యూదులను నోటికి వచ్చినట్లు తిట్టి పోవుదురు. ఎవరి తిట్టులోను కొత్తదనము లేదు. ద్వేషము విసుగు పుట్టించునంత పాతమాటలతో బ్రతుకునని ఇంత సూటిగా చూపిన ఘట్టము మరియొకటి మేము చూడలేదు.

'అంతకు మించినవారు' అను పీనో మాటకు అమెరికాలో పెద్ద వంశవృక్షమే కలదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు గెలిచి వచ్చిన జెస్సీ ఓవెన్స్, న్యూయార్కులోని వాల్డార్ఫ్–ఆస్టోరియా హోటలులో తనకే జరుగు సన్మానమునకు సామానులు చేరవేయు లిఫ్టులో ఎక్కిపోవలసి వచ్చెను. 1939 డిసెంబరులో 'గాన్ విత్ ది విండ్' చిత్రము అట్లాంటాలో తొలుత ప్రదర్శింపబడిననాడు, అందు దాసిపాత్రను ధరించిన హాటీ మెక్‌డేనియల్ ఆ యుత్సవమునకు పోలేకపోయెను. నల్లవారిని వేరుపరచు చట్టములు గల ఊరది. 1940 ఫిబ్రవరి 29వ తేదీని లాస్ ఏంజిలిస్‌లోని అంబాసడర్ హోటలులో ఆమెకు ఆస్కార్ బహుమానమిచ్చిరి. నల్లజాతిలో దాని నందిన తొలివ్యక్తి ఆమెయే. నల్లవారిని రానీయని హోటలగుటచే ఆమెను లోనికి విడుచుటకు నిర్మాత సెల్జ్నిక్ ప్రత్యేకముగా అడుగవలసి వచ్చెను. తోటినటుల బల్లకడ గాక, దూరముగా గోడవార వేసిన చిన్నబల్లకడ ఆమెను కూర్చుండబెట్టిరి. సభ చప్పట్లు కొట్టినది; ఆమె కన్నీరు పెట్టుకొన్నది; తరువాత మరల ఆ గోడవారకే పోయి కూర్చున్నది. ఆమె 1952లో మరణించినపుడు, తాను కోరుకొన్న హాలీవుడ్ శ్మశానవాటికలో చోటు దొరకలేదు. నల్లవారిని అచ్చట పాతిపెట్టనీయరట.

ఇవి పాతకాలపు ముచ్చటలనువారు ఇంగ్లండువైపు చూడవచ్చును. 2021 జూలై 11వ తేదీని ఐరోపా ఫుట్‌బాల్ పోటీల తుదియాటలో మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో, బుకాయో సాకా అను ముగ్గురు నల్లజాతి ఆటగాండ్రు పెనాల్టీలను గోలు చేయలేకపోయిరి. ఆ పోటీలు జరిగినన్నాళ్లు వారికి జేజేలు పలికిన దేశములోనే, ఆ రాత్రి గడవకముందే, వారి జాతినెత్తి తిట్టిన తిట్లు సామాజిక మాధ్యమములలో కుప్పలుగా పడినవి. 'నల్లవారే గాని అంతకు మించినవారు' అని ఇచ్చిన మినహాయింపు ఒక్క తన్నుతో రద్దైనది.

స్పైక్ లీ ఆరాధనను తెల్లవారి రోగముగా మాత్రమే చూపలేదు. బగిన్ ఔట్ కొత్తగా కొన్న తెల్లని బూట్లు బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్ పేరిట అమ్మునవి. వెల నూరు డాలర్లకు పైగా. సైకిలుమీద పోవుచున్న తెల్లవాడొకడు చక్రముతో దానిపై మరక చేయును. వాని చొక్కామీద బోస్టన్ జట్టు ఆటగాడు లారీ బర్డ్ పేరున్నది. ఇద్దరు దేవుళ్ల భక్తులు వీధిలో తలపడినట్లు ఆ కలహము సాగును. ఆ తెల్లవా డా వీధిలోనే ఇల్లు కొనుక్కొన్నవాడు. తమ పేటలో ఇండ్లు ఎవరి చేతులకు పోవుచున్నవి, రేపు ఎవరు మూటముల్లె కట్టుకొని పోవలసి వచ్చును అను అసలు ప్రశ్న అచ్చట ఒక్క క్షణము తొంగిచూచును. కుఱ్ఱవాని కోపము మరల బూటుమీదికే పోవును. మూకీ చొక్కాను గూడ గమనింపవలెను: 42వ అంకె, జాకీ రాబిన్సన్ పేరు. నల్లవారికి మూసియుంచిన పెద్ద బేస్‌బాల్ పోటీల తలుపును 1947లో బ్రూక్లిన్ జట్టులో చేరి తెరచినవాడతడు. ఆ యేటి తుదిపోటీలలో అతని కెదురుగా ఆడిన న్యూయార్కు యాంకీల జట్టులో డిమాజియో ఉండెను. ఒకరు సాల్ గోడమీద, ఒకరు మూకీ వీపుమీద. నలువదియేండ్ల పిమ్మట ఆ ఆట ఇంకను ఆ చిన్న అంగడిలో జరుగుచునే యున్నది.

ఇచ్చట దర్శకునిమీద మాకొక ఫిర్యాదు కలదు. బూటుభక్తిని ఇంత చక్కగా పరిహసించిన స్పైక్ లీ, ఆ కాలముననే, ఆ బూట్ల వ్యాపారప్రకటనలలో జోర్డాన్‌తో కలసి తానే నటించుచుండెను. కళాకారునికి పొట్టగడువవలదా యందురేమో. గడువవలసినదే. కాని బూటు ఘట్టములో పరిహాసము ఎంత ముచ్చటగా నున్నను, దానికి కాటువేయు పండ్లు లేకపోవుటకు కారణ మదియే యని మా యభిప్రాయము. స్త్రీపాత్రల విషయములోను చిత్రము లోపభూయిష్ఠము. మూకీ బిడ్డతల్లి టీనాకు అరచుటకు మించిన పని కల్పింపలేదు. మూకీ చెల్లెలు జేడ్ మాత్రము ఒక్క మంచిమాట చెప్పును: పటముల గొడవ మాని ఆ పట్టుదలను పేటకు పనికివచ్చు దానిమీద పెట్టరాదా యని బగిన్ ఔట్‌ను అడుగును. మాట నిజమే. కూలి హెచ్చింపుమనక, ఉద్యోగము లిమ్మనక, వాడు కోరినది గోడమీద ఒక ఫొటో, అన్నిటిలోను చవుకైనది. ఆ చవుకైనదే వానికి దొరకలేదు.

కథలో ఏ మినహాయింపునకును నోచుకొననివాడు రేడియో రహీమ్. బిల్ నన్ ధరించిన ఈ పాత్ర ఎత్తైన మనిషి, తక్కువ మాటలవాడు. పెద్ద రేడియో మోసికొని, ఈ చిత్రముకొరకే పబ్లిక్ ఎనిమీ బృందము కట్టిన ఒకే పాటను వీధులనిండ మ్రోగించుచు తిరుగును. ఆ రాత్రి అంగడి మూయబోవు వేళ బగిన్ ఔట్, రహీమ్ లోపలికి వచ్చి పటములు పెట్టుమని పట్టుపట్టుదురు. పాట చెవులు పగులునట్లు మ్రోగుచుండును. ఇరువదియైదేండ్లు ఆ పిల్లలకు తిండిపెట్టితినని గర్వించిన సాల్ నోట అప్పుడు, అంతవరకు పీనో నోటనే వినిన తిట్టు వెలువడును. బ్యాటుతో రేడియోను ముక్కలు చేయును. కొట్లాట వీధిలోనికి పోవును. పోలీసులు వచ్చి రహీమ్ మెడకు లాఠీ అడ్డముగా బిగించి, వాని కాళ్లు నేల విడుచునంతవరకు ఎత్తిపట్టి, ఊపిరి తీయుదురు. 1983లో న్యూయార్కు భూగర్భరైలు పోలీసులు పట్టుకొనిన పిమ్మట మరణించిన మైకేల్ స్టూవర్ట్ ఉదంతము దర్శకుని మనస్సులో నున్నది. ఆ కేసులో పోలీసులు నిర్దోషులని విడువబడిరి. చిత్రము అంకితమైన కుటుంబములలో స్టూవర్ట్ కుటుంబ మొకటి. 2014 జూలైలో స్టాటెన్ ఐలండ్‌లో ఎరిక్ గార్నర్ మెడకు పోలీసు చేయి బిగిసిన దృశ్యమును చూచినవారికి పాతికేండ్లనాటి ఈ ఘట్టము గుర్తునకు రాకపోదు. దర్శకుడే ఆ రెండు దృశ్యములను జోడించి లోకమునకు చూపెను.

పీనో మెచ్చుకొన్న ముగ్గురిలో ఎవరైనను ఆ రాత్రి ఆ వీధిలో నిలుచుండినచో ఇట్లు జరుగునా? గుర్తుపట్టి సంతకము లడిగియుందురు. రహీమ్‌ను గుర్తుపట్టుటకు పోలీసులకు వాని రంగు, ఎత్తు తప్ప వేరేమియు లేదు. వాడు మోసిన సంగీతమును దేశమంతయు కొనుచుండెను; మోసినవానిని మాత్రము ఎవరును ఎరుగరు.

తరువాత మూకీ ఒక చెత్తడబ్బాను ఎత్తి అంగడి అద్దమును పగులగొట్టును. జనము లోపలబడి అంతయు తగులబెట్టుదురు. మూకీ చేసినది న్యాయమా యని నేటికిని వాదించుకొనుచున్నారు. ఈ ప్రశ్న తనను అడిగినవారందరు తెల్లవారేయని స్పైక్ లీ పలుమారులు చెప్పియున్నాడు. రహీమ్‌ను చంపుట న్యాయమా యని అడిగినవారు లేరు. మరునాటి ఉదయము రేడియోలో, ఆస్తినష్టమును విచారించుటకు నగర మేయరు సంఘము నియమించెనని వార్త వినవచ్చును; ప్రాణనష్టము మాట దానిలో లేదు. చిత్రము విడుదలైనపుడు కొందరు విమర్శకులు, దీనిని చూచి నల్లవారు అల్లరులకు దిగుదురని పత్రికలలో భయపెట్టిరి. అట్టిదేమియు జరుగలేదు. జరిగినది వేరు. 1989 ఆగస్టు 23వ తేదీ రాత్రి, అమ్మకమునకు వచ్చిన పాతకారును చూడబోయిన యూసఫ్ హాకిన్స్ అను పదునారేండ్ల నల్లబాలుని బ్రూక్లిన్‌లో ఒక తెల్లగుంపు చుట్టుముట్టినది. తుపాకి ప్రేలి ఆ బాలుడు మరణించెను. అది బెన్సన్‌హర్స్ట్, పీనో పోయి చేరవలెనని కలలుగన్న పేట.

అల్లరి నడుమ జనులు కొరియా దుకాణమువైపు తిరుగుదురు. దుకాణదారుడు చీపురుకట్ట త్రిప్పుచు, నేను తెల్లవాడను కాను, నేనును నల్లవాడనే, మీరు నేను ఒకటేయని వచ్చీరాని ఆంగ్లములో అరచును. జనులు నవ్వి విడిచిపెట్టుదురు. ప్రేక్షకులు గూడ నవ్వుదురు. మాకు మాత్రము నవ్వు రాలేదు. యానాము ప్రక్కనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మా పోయిన మన కూలీలను ఆ దేశములో 'కోరంగీలు' అని చులకనగా పిలిచెడివారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మెకట్టగా వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. సమ్మె తీరి మనవారు పనిలోనికి రాగా బర్మావారిని పొమ్మనిరి. ఆ కోపము ఓడల యజమానులమీదికి పోలేదు. రంగూను వీధులలో మనవారిని వెదకివెదకి కొట్టి చంపిరి. గంజాములోను, గోదావరి తీరమునను ఆ కథలు విని పెరిగిన కుటుంబములు నేటికిని కలవు. చీపురు పట్టుకొని, నేను మీలోవాడనేయని అరచువాని గొంతులోని భయము వారికి తెలియును.

1990 ఆస్కార్ సభలో ఉత్తమచిత్ర బహుమానము 'డ్రైవింగ్ మిస్ డేజీ' అను చిత్రమునకు వచ్చెను. ఒక ధనిక వృద్ధురాలికి, ఆమె నల్లజాతి కారు డ్రైవరునకు కుదిరిన స్నేహము అందలి కథ. చూచి యెవరును నొచ్చుకొనరు. 'డు ది రైట్ థింగ్' ఆ పోటీలోనికే రాలేదు. తరువాత 1999లో అమెరికా ప్రభుత్వము భద్రపరచదగిన చిత్రముల పట్టికలో దీనిని చేర్చిరి. చిత్రీకరణ జరిగిన వీధికి దీని పేరు పెట్టిరి. బరాక్ ఒబామా 1989లో కాబోవు భార్యతో తొలిసారి కలసి చూచిన చిత్రమిదియేయని ఇప్పుడు పత్రికలు ముచ్చటపడి వ్రాయుచుండును. చిత్రమే ఒక పటమై గోడకెక్కినది! దానిని పొగడువారిలో ఎందరు రహీమ్ వంటి వాడు ఎదురుపడినచో వీధి దాటి ఆవలి ప్రక్కకు పోవుదురో లెక్కపెట్టినవారు లేరు.

చిత్రములో స్మైలీ అను నత్తివాడొకడు కలడు. మాల్కం ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్ నవ్వుచు నిలుచున్న ఫొటో ప్రతులకు రంగులు పూసి, వీధిలో అమ్ముకొనుచుండును. ఆ యిద్దరును జీవితములో కలసినది ఒకేసారి, 1964 మార్చి 26వ తేదీని, వాషింగ్టన్ నగరమందలి శాసనసభా భవనములో. మరుసటి యేట ఫిబ్రవరిలో మాల్కంను, 1968 ఏప్రిల్‌లో కింగ్‌ను కాల్చిచంపిరి. మాల్కం అంత్యక్రియలలో నివాళిప్రసంగము చేసిన ఓసీ డేవిస్ ఈ చిత్రములో ఆ పేటలో తిరుగు తాగుబోతు ముసలివాడుగా నటించినాడు. జనులను శాంతింపజేయుటకు వృథాగా ప్రయత్నించువాడతడే. అంగడి మండుచుండగా స్మైలీ లోపలికి పోయి, కాలుచున్న కీర్తికుడ్యముమీద ఆ ఫొటోను గుచ్చి, చిరునవ్వు నవ్వును. బగిన్ ఔట్ కోరినది చేకూరినది. అప్పటికి అందు కూర్చుండి తినుటకు బల్లలు లేవు, తినువారును లేరు.

మరునాడు ఉదయము మూకీ తన వారపు జీతమును అడుగుటకు కాలిన అంగడికడకు వచ్చును. సాల్ నోట్లను ఉండచుట్టి వాని మీదికి విసరును. ఇద్దరును బూడిదలో నిలుచుండి కొంతసేపు డబ్బు మాటలు, కొంతసేపు ఎండ మాటలు ఆడుకొందురు. వీధి రేడియోలో మాటలాడువాడు నేడును వేడి తగ్గదని చెప్పి, తరువాత వేయబోవు పాటను రహీమ్ పేరిట అంకితము చేయును.